తొంభై మూడు శాతం అమ్మ

స్కానర్ హెల్మెట్ తొడగ్గానే నాలుగేళ్ళ లిఖిత ఏడుపు లంకించుకుంది. విశాఖ ఫ్యామిలీ కోర్టు హాల్లో అందరి కళ్ళూ గోడ మీది స్క్రీన్ మీదే. గుమ్మం పక్కన నిలబడ్డ నూకాలుకి మాత్రం ప్రాణం ఉసూరుమంది. రొయ్యల కంపెనీ క్రెష్‌లో ఆయా ఆవిడ. లిఖిత తల్లి సత్యవేణి అదే కంపెనీలో రొయ్యలు ఒలుస్తుంది. మొగుడు ఉమాపతి బిడ్డకోసం పైసా విదల్చడం లేదని పోషణ కేసు వేసి, సాక్ష్యానికి నూకాలుని బతిమాలి తెచ్చుకుంది.

వెనకటి చట్టం మొరటుదే గానీ దిక్కులేనివాళ్ళకి అదే దిక్కు. కాపురంలో పుట్టిన బిడ్డకి భర్తే తండ్రి అని ముందే అనుకునేది. కాదన్నవాడు రుజువు చేసుకోవాలి. డాక్టర్ పరాంకుశం బిడ్డకి ఎవరితో ఎంత బంధముందో కొలిచే బాండ్ స్కానర్ కనిపెట్టాక ఆ అనుకోవడాలకి కాలం చెల్లింది.

"డీఎన్ఏ రక్తం సంగతే చెబుతుంది సార్," అని ఆయన జడ్జిగారికి వివరించాడు. "మొదటి మూడేళ్ళూ సాకిన మనిషి గొంతు బిడ్డ మెదడులో ముద్ర వేస్తుంది. మళ్ళీ ఆ గొంతు వింటే ఆ చోటు వెలుగుతుంది. అరవై శాతం దాటితే కొత్త చట్టం ప్రకారం ఆ మనిషే పేరెంట్. పోషణ బాధ్యతా వాళ్ళదే."

ఉమాపతి కూతుర్ని పేరుపెట్టి పిలిచాడు. నాలుగు శాతం. ఇంటి ముఖం చూడనివాడికి ఆ నాలుగూ ఎక్కడివో దేవుడికే తెలియాలి. సత్యవేణి పిలిచింది. ముప్పై ఒకటి. రెండు షిఫ్టులు చేసే మనిషికి బిడ్డతో కబుర్లాడే తీరికేదీ?

లిఖితకి వెక్కిళ్ళు ఆగడం లేదు. నూకాలు ఉండబట్టలేకపోయింది.

"ఏటమ్మా, నానిక్కడే ఉన్నాను కదా. ఏడవకే తల్లీ," అంది.

బిడ్డ టక్కున ఏడుపాపింది. స్క్రీన్ మీద తొంభై మూడు.

జడ్జిగారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, తల ఎత్తకుండానే తీర్పు చదివారు. ఉమాపతికి బాధ్యత లేదు. నూకాలు తన జీతంలో సగం లిఖిత పోషణకి కట్టాలి.

"అదేటి అయ్యగోరూ? క్రెష్‌లో పందొమ్మిది మంది పిల్లలున్నారు. అందర్నీ నానే సాకినాను," అంది నూకాలు. ఆ మాట వింటే తనని వదిలేస్తారనుకుంది, పిచ్చిది. ఉమాపతి లాయరు దాన్ని జాగ్రత్తగా రాసుకున్నాడు.

బయట వరండాలో సత్యవేణి నూకాలు మొహం చూడలేదు.

"సాక్ష్యానికి రమ్మన్నాను అక్కా. అమ్మవి కమ్మనలేదు."

స్క్రీన్ మీద తొంభై మూడు పడ్డప్పుడు నూకాలుకి లోలోపల సంతోషం వేసిన మాట నిజమే.

నెల తిరక్కుండా, తమ పిల్లల పోషణ ఆయాలే కట్టాలంటూ పన్నెండుమంది తండ్రులు కేసులు వేశారు. ఊళ్ళో ఆయాలంతా ఒక్క మాట మీదకొచ్చారు. పాలు పడదాం, గుడ్డలు మారుద్దాం, పిల్లల దగ్గర నోరు మాత్రం విప్పొద్దు. క్రెష్‌లో చేరిన పదినెలల పాప కొత్త చోటు చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే, నూకాలు పెదాలు బిగబట్టి సీసా నోటికందించి, మొహం పక్కకి తిప్పుకుంది.

మూడేళ్ళ తర్వాత ఆ పాపనీ స్కానర్ ముందు కూర్చోబెట్టారు. తండ్రి పిలిచాడు, తల్లి పిలిచింది, చివరికి నూకాలూ పిలిచింది. ఎవరికీ పది కూడా దాటలేదు. పోషించాల్సిన వాళ్ళెవరూ లేరని కేసు కొట్టేశారు. హెల్మెట్ తీసేదాకా పాప కదలకుండా కూర్చుంది. ఏడవను కూడా లేదు.