నికెల్ మొన

అరబ్బు తీరాన అల్ వక్రా పడవల రేవులో అనంతలక్ష్మి, సురేందర్ ఒకే కప్పు కరక్ చాయ్‌ని వంతులేసుకుని తాగుతున్నారు. పెళ్లయి నెల కాలేదు. ఆఖరి గుక్క ఎవరిదన్న తగవు మహా రుచిగా సాగుతుండగా ఆమె ఫోన్ మోగింది.

“మేడమ్, మీరు అడిగిన పులస ఈరోజు రాలేదు.”

ఆమె వెన్ను నిటారుగా అయింది. అది గూఢచారి విభాగం చీఫ్ రయీస్ కోడ్. రెండడుగులు పక్కకు జరిగి, “అయితే కొర్రమీను పంపండి,” అంది.

“లుసైల్ వాటర్ ల్యాబ్. ఊరి మంచినీళ్లలో నికెల్ విషం ఉందని రిపోర్ట్. సాయంత్రం అసర్ నమాజ్ వేళకు అలర్ట్ ఇస్తారు. ప్లాంట్ ఆగుతుంది, ఎమర్జెన్సీ ట్యాంకర్లు కదులుతాయి. వాటిలో కొన్ని గ్రే డౌ అనే నేరగాళ్ల ముఠావి.”

“ట్యాంకర్లలో?”

“అసలు విషం. ల్యాబ్ రిపోర్ట్ నిజమా, ముఠా నాటకమా తేల్చు. ఎటు పొరబడ్డా శవాలే. ముఠాలో పెట్టిన మన డబుల్ ఏజెంట్ మెహ్విష్ అక్కడే ఉంది.”

లైన్ కట్.

“ఎవరే?” అన్నాడు సురేందర్.

“ఆఫీసు. ల్యాబ్‌లో మెషిన్ మొరాయించిందట.”

సర్వీస్ ఇంజనీర్ అన్నది ఆమె పైకి చెప్పుకునే కవర్. మొగుడికి తెలిసిందీ అంతే.

“పెండ్లయి నెల గాలే, మిషిన్ పిలిస్తే ఉరుకుతవా? నేను పిలిస్తే ఆగుమంటవ్!”

“మీరు ఆగినా పాడైపోరుగా!” ఆఖరి గుక్క తానే తాగేసి ఆమె కారెక్కింది.

లుసైల్ ల్యాబ్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఆమె వాచీ కెమెరానూ పెన్ను స్కానర్‌నూ ట్రేలో పడేయించాడు. “ఎలక్ట్రానిక్స్ మాఫీ! లోపలికి కుదరదు!” డిపార్ట్‌మెంట్ గర్వంగా ఇచ్చిన గాడ్జెట్లన్నీ అక్కడితో సరి.

లోపల ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్ హోరుమంటోంది. నీటి తుంపరను సూర్యుడి పైపొర కన్నా వేడైన మంటలో కాల్చి, ఏ లోహం ఎంతుందో చెప్పే యంత్రం. మంటకూ యంత్రం కడుపుకూ మధ్య వాకిలిలా రెండు చిన్న కోన్‌లు. మొనలో సూదిబెజ్జం. నిజమైనా అబద్ధమైనా ఆ బెజ్జంలోంచే లోపలికి పోవాలి.

“మూడు తూర్లు చూసినామ్మా, నికెలే!” ల్యాబ్ హెడ్ ఇక్రాముద్దీన్‌ది కడప. గోడ గడియారం వైపూ చేతిలోని ఫోన్ వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. “ఉత్త శుద్ధనీళ్లు పెట్టినా కనపడతాండాది. ట్యూబులు మురికైనాయంట, మెహ్విష్ మేడమ్ చెప్పింది.”

మెహ్విష్ వెనకాలే ఉంది. కోన్‌లు అమ్మే కంపెనీ ప్రతినిధి. నల్లటి అబాయా, ల్యాబ్‌లో కూడా నల్లద్దాలు, వేళ్ల మధ్య సెంటు సీసా.

“అరే లక్ష్మీ, కొత్త ప్లాటినం కోన్‌లు తెచ్చిన. లోపలున్నవి పీకి ఇవి పెట్టు. యల్లా, జల్ది!”

“కొత్త కోన్, కొత్త కోడలు ఒకటే. కుదురుకోడానికి కాసేపు నడపాలిగా?”

“ఏం అక్కర్లే. సీదా రీడింగ్ తీస్కో.”

అనంతలక్ష్మికి అరికాళ్లలో దురద మొదలైంది. కొత్త కోన్ మొదట్లో ఒకలా, తర్వాత ఒకలా చెబుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ సీదా అనరు.

ఆమె ఫ్రిజ్ దగ్గరికెళ్లింది. తలుపు మీద డ్యూటీ చార్టును పట్టుకుని ఓ బుజ్జి ఒరిక్స్ జింక బొమ్మ మాగ్నెట్ వేలాడుతోంది. పీకి, కొత్త కోన్‌కు ఆనించింది.

టక్! అంటుకుంది.

నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది. ప్లాటినం మొననూ దాని రాగి పీఠాన్నీ లాగదు. అంటే రీడింగ్‌లో పడే నికెల్ నీళ్లది కాదు, కోన్‌దే.

“సార్, ఇప్పుడు యంత్రంలో ఉన్న జతా ఈమె ఇచ్చిందేగా? దానికి ముందు మీరు తీసేసిన పాత జత ఎక్కడ?”

ఇక్రాముద్దీన్ సొరుగు లాగాడు. మసిబారిన కోన్‌లు. మాగ్నెట్ వాటి మీద నుంచి జారిపోయింది. ఆ మసి చూసి ఆమెకు ముద్దొచ్చింది. బాగా నడిచి కుదురుకున్న కోన్. పైపైన తుడిస్తే చాలు.

మంట ఆపి, మందపాటి గ్లవ్స్‌తో యంత్రంలోని కోన్‌లు ఊడదీసి ట్రేలో పెట్టింది. “ఇవీ నికెలేనేమో చూద్దామా, మెహ్విష్?”

మెహ్విష్ ఒక్క దూకున సాక్ష్యం అందుకుంది. ఉత్త చేత్తో.

“యా అల్లా!”

కోన్ ఒకవైపు, సెంటు సీసా ఇంకోవైపు ఎగిరిపడ్డాయి. పగిలిన సీసాలోంచి విషపు సూది దొర్లింది. అనంతలక్ష్మి ఆమె చెయ్యి వెనక్కి విరిచి కుర్చీకి కట్టేసింది.

“మన మనిషివనుకుంటే ముఠాకు అమ్ముడుపోయావా! ఇన్నేళ్లు కోన్‌లు అమ్మావు, ఒక్కటైనా స్వయంగా బిగించావా? మంట ఆపిన వెంటనే చల్లారదే తల్లీ!”

పాత జత బిగించింది. వాక్యూమ్ పంపు గురగురలాడుతోంది. ఇక్రాముద్దీన్ చేతిలో ఫోన్ మోగింది.

“మినిస్ట్రీ! అలర్ట్ ఇమ్మంటాండారు!”

“ఒక్క నిమిషం ఆపండి!”

మంట వెలిగింది. ముందు లెక్క తెలిసిన నికెల్ ద్రావణం పెట్టింది. యంత్రం సరిగ్గా పట్టుకుంది. తర్వాత శుద్ధనీళ్లు. ఏమీ లేదు. చివరగా ఊరి నీళ్లు. బయట అజాన్ మొదలైంది. తెర మీద గీత కదిలింది, వణికింది, నేలకు అతుక్కుపోయింది.

“నికెల్ లేదు!”

“అలర్ట్ వద్దు!” ఇక్రాముద్దీన్ ఫోన్‌లో అరిచాడు. “ట్యాంకర్లను గేటు దాటనియ్యొద్దండి!”

కుర్చీలోంచి మెహ్విష్ కాలిన వేళ్లు ఊదుకుంటూ నవ్వింది. “గంత నమ్మకమా? అయితే తాగు, చూస్త.”

అనంతలక్ష్మి కుళాయి తిప్పి, దోసిలి నింపుకుని గటగటా తాగింది.

“ఎట్లుందమ్మా?” ఇక్రాముద్దీన్ ముందుకు వంగాడు.

“చప్పగా ఉంది సార్,” మూతి తుడుచుకుంది. “దానికి మాత్రం ఏ కోన్ మార్చినా లాభం లేదు.”