మూడుకళ్ళ కల్వర్టు, హాలెండు బండి

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు మీద, ఇంకో ఆరు మైళ్ళుందనగా, మూడు తూములతో మూడుకళ్ళ కల్వర్టు వస్తుంది. పొద్దుగూకినాక దాని మీద ఎవరూ ఒంటరిగా పోరు. బండెద్దులు అక్కడికి రాగానే మొరాయిస్తాయి. బస్సు డ్రైవరు ఆ మలుపులో హారన్ కొట్టడు — ఎవరినో పిలిచినట్టవుతుందని. నడిచిపోయేవాళ్ళకు వెనక నుంచి సైకిలు వస్తున్న చప్పుడు వినిపిస్తుంది. పక్కకు తప్పుకుంటారు. చప్పుడు దాటిపోతుంది...

సైకిలు మాత్రం కనిపించదు.

ఆ చప్పుడు సామ్యేలుదని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎందుకు తిరుగుతున్నాడో చెప్పడానికే ఎవరికీ నోరు రాదు.

నలభై తొమ్మిదిలో, పార్టీ మీద నిషేధం ఉన్న రోజుల్లో, కొండ మీద తలదాచుకున్నవాళ్ళకు ఉత్తరాలు మోసింది ఈ సామ్యేలే. ఉదయగిరిలో ఒక హాలెండు డాక్టరు దొర బంగళాలో ఆయాగా చేసిన రెబెకమ్మకు ఒక్కడే కొడుకు. ఇరవై రెండేళ్ళవాడు. ఒకనాడు తెల్లవారుజామున పోలీసులు కొండెక్కి, వెతుక్కోకుండా, తడుముకోకుండా, నేరుగా మకాం మీదికే పోయి ముగ్గురిని పట్టుకున్నారు.

దారి చెప్పింది ఎవరు?

ఆ రాత్రి మకాంలో లేకుండా బతికి బయటపడ్డ నాయకుడు మల్లికార్జునం వేలెత్తి సామ్యేలు సైకిలును చూపించాడు. తళతళలాడే నల్లటి విదేశీ సైకిలు. ఆయా కొడుక్కి కొత్త సైకిలు ఎక్కడిది? పోలీసులు కొనిపెట్టకపోతే ఎవరు కొనిపెట్టారు? అది కొత్తది కాదయ్యా, దొర తన దేశానికి పోతూ నాకిచ్చిపోయిన పాత బండి అని రెబెకమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది. పాత బండి అట్లా మెరుస్తుందా అని అడిగారు. అది మెరిసేట్టు కొడుకు ఏం చేశాడో ఆమెకూ తెలియదు.

నాలుగో రోజు సామ్యేలు శవం కల్వర్టు కింద దొరికింది. చంపింది పోలీసులు కాదు. మన పార్టీవాళ్ళే. దానికి ప్రజల తీర్పు అని పేరు పెట్టారు. ప్రజలను అడిగింది మాత్రం ఎవరూ లేరు.

ఆ తీర్పును రెబెకమ్మ ఇంటి గోడ మీద తారుతో రాసినవాడు రాజమోహన్. ఆత్మకూరులో అంగడివాళ్ళ పిల్లవాడు, అప్పటికి పదిహేడేళ్ళు. 'ద్రోహి' అని రెండే అక్షరాలు. తలుపు పక్కన, ఆమె లోపలికి పోతూ వస్తూ చూడక తప్పని చోట.

ఇక్కణ్ణుంచి రాజమోహన్ చెప్పినట్టే చెబుతాను.

ఆరేళ్ళు గడిచాయి. పోలీసు స్టేషన్ పెరట్లో తుప్పుపట్టిన సామానంతా వేలం వేశారు. శవంతోపాటు పోలీసులు పట్టుకుపోయిన సామ్యేలు సైకిలు వంతు వచ్చేసరికి వేలం పాటగాళ్ళు వెనక్కి జరిగారు. దెయ్యం బండి అన్నారు. రాజమోహన్ ఒక్కడే పాడాడు. దెయ్యాలంటే దోపిడీదారులు పేదవాడి గుండెల్లో కట్టేసిన కాపలాకుక్కలని లైబ్రరీలో పదిమంది కుర్రాళ్ళకు పాఠం చెప్పేవాడు అతను. ఆ మాట అతనికి నేర్పింది మల్లికార్జునం. నిషేధం ఎత్తేశాక పూలదండలతో ఊరేగిన మల్లికార్జునం. నూరెకరాల ఇల్లు వదిలి పేదల కోసం అడవులు పట్టిన మల్లికార్జునం. ఆ నూరెకరాల్లో ఒక్క సెంటు కూడా పోలేదన్న సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

బండి కొన్న సంగతి రాజమోహన్ ఆయనకు సంబరంగా చెప్పాడు. ఆ ఇనుము మనకెందుకురా, ముక్కలు చేసి పాత సామాన్లవాడికి వేసెయ్ అన్నాడాయన. ద్రోహం తలుచుకుని మల్లికార్జునం అన్న మనసు ఇంకా మండుతున్నదనుకున్నాడు రాజమోహన్. అయినా ముక్కలు చేయడానికి చేతులు రాలేదు. తోసుకుంటూ ఓబులయ్య సైకిలు షాపుకు తీసుకుపోయాడు.

ఓబులయ్య యుద్ధంలో జావా దాకా పోయి వచ్చినవాడు. అక్కడ మిలిటరీ వర్క్‌షాపులో ఏడాది పాటు ఆయన విప్పి బిగించినవన్నీ హాలెండు సైకిళ్ళే. బండిని చూడగానే చుట్టాన్ని చూసినట్టు దగ్గరికి పోయి హ్యాండిలు నిమిరాడు.

పదిహేను రోజులు పట్టింది. గొలుసును, దాన్ని కప్పే డబ్బాను కిరసనాయిల్లో నానబెట్టారు. బీటలు వారిన తోలు సీటుకు రోజూ ఆముదం పట్టించారు. ముందు చక్రానికి ఆనుకుని తిరిగే డైనమోను విప్పి, తీగలు గీకి, మళ్ళీ బిగిస్తే లైటు వెలిగింది. బండికి చేతి బ్రేకు లేదు. పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం బిగుసుకుని నిలబడుతుంది. ఈ ప్రాంతంలో అట్లాంటిది ఎవరూ ఎరగరు.

చివరి రోజు సాయంత్రం ఓబులయ్య వెనక చక్రం ఇరుసు మీది గ్రీజు గుడ్డతో తుడిచి, దీపం దగ్గరికి తెచ్చి, చాలాసేపు వంగి చూశాడు.

"ఏంది మామా?"

"సంవత్సరం కొట్టుండాది. ఇరవై ఏడు." ఓబులయ్య తల ఎత్తలేదు. "సామ్యేలూ ఈ బండీ ఒక ఈడు అబ్బయ్యా."

రాజమోహన్ ఒప్పుకోలేదు. పాత చక్రం తెచ్చి కొత్త బండికి వేసుంటారని వాదించాడు. ఓబులయ్య వాదించలేదు. సీటు కింది గొట్టం మీద రంగు గీకి అక్కడి అంకె చూపించాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఊడదీసి దాని మీదా అదే అంకె చూపించాడు. ఆ వరసలోవన్నీ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదిలో తయారైన బండ్లేనని, జావాలో అట్లాంటివి వందల్లో విప్పానని చెప్పాడు. ఆఖరికి ఆకురాయితో ఫ్రేము మీద అగ్గిపెట్టె అంత మేర నల్లరంగు లేపాడు. కింద ఆకుపచ్చ. దాని కింద మళ్ళీ నలుపు, సన్నటి బంగారు గీత. పైన ఉన్న నలుపు కంపెనీది కాదు. చేత్తో పూసింది. అందులో బ్రష్షు వెంట్రుక ఒకటి ఇంకా అంటుకునే ఉంది.

ఇరవై రెండేళ్ళ పాత బండికి ఎవరో ఒక డబ్బా రంగు పూశారు. ఆ మెరుపును చూసి మనిషిని చంపారు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు మామా?" అడిగాడు రాజమోహన్.

"అప్పుడు నన్నెవురడిగినారు? తీర్పు చెప్పేటోళ్ళు మెకానిక్కును పిలస్తారా?"

రాజమోహన్ ఆ రాత్రే బయలుదేరాడు. మర్నాడు పొద్దున ఉదయగిరిలో సభ ఉంది. మల్లికార్జునం మాట్లాడతాడు. అన్న మోసపోయాడు, అందరం మోసపోయాం, ఆ సంగతి అన్న నోటితోనే, అదే జనం ముందర, రెబెకమ్మను వేదిక మీద కూర్చోబెట్టి చెప్పించాలి. తరవాత గోడ మీది అక్షరాలు తను గోళ్ళతోనైనా గీకుతాడు. అతని లెక్క ఇదీ. అమావాస్య రోజు, తెల్లారినాక పొమ్మని ఓబులయ్య బతిమాలాడు. వినడని తెలిసి, "చక్రం తిరిగితేనే లైటు. మరిచిపోయి వెనక్కి తొక్కబాక" అని మాత్రం చెప్పి పంపాడు.

అనుమసముద్రంపేట దర్గా దీపాలు వెనకబడ్డాయి. తరవాత మనిషి అలికిడి లేదు. ముందు చక్రం మీద డైనమో గుయ్ మని మూలుగుతోంది... లైటు రోడ్డు మీద వెలుతురు చాప పరుచుకుంటూ పోతోంది. రాజమోహన్ మనసులో సభ నడుస్తూనే ఉంది. చప్పట్లు కూడా వినిపిస్తున్నాయి.

అర్ధరాత్రి దాటింది. కల్వర్టు తెల్లటి పిట్టగోడ కనిపించింది.

గోడ కింద, కల్వర్టు కంట్లో — ఏదో వెలిగింది.

రాజమోహన్ కాలు తనకు తెలియకుండానే వెనక్కి పోయింది.

బండిని ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోయింది. అదే క్షణం లైటు ఆరిపోయింది. అంతా చీకటి... కొంతసేపటికి ఓబులయ్య మాట గుర్తొచ్చింది. వెనక్కి తొక్కాడు, చక్రం బిగిసింది, చక్రం ఆగింది, లైటు పోయింది. ఇంతే. ఇంతే గదా. నవ్వుకుందామనుకున్నాడు.

కల్వర్టు కింద వెలుతురు కదిలింది.

కొవ్వొత్తి. దాని పక్కన ఆకులో పసుపు కలిపిన అన్నం, ఉడికించిన గుడ్డు, బీడీల కట్ట. చచ్చినవాడు కిరస్తానీ. ఏది పనిచేస్తుందో తెలియనివాడెవడో రెండు రకాలూ తెచ్చి పెట్టాడు. పెట్టినవాడు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఖద్దరు పంచె. ఆ నెత్తి మీది బట్టతలను రాజమోహన్ ఎన్ని సభల్లో వెనక వరసలో నిలబడి చూశాడో...

మల్లికార్జునం.

"వచ్చినావా సామ్యేలూ," అన్నాడు ఆయన, లేవకుండానే. గుసగుసగా. "నీ బండి చప్పుడు ఎరగనా."

నేనన్నా, రాజమోహన్ను — అని చెప్పబోయాడు. ఆయన ఆగలేదు.

"ఆరేళ్ళుగా ప్రతి అమావాస్యకూ వస్తా ఉండానే. ఇంకా ఏం కావాలిరా నీకు? మా నాయన్ని స్టేషన్లో కూర్చోబెట్టినారు. భూములు పోతాయన్నారు. మకాం దారి చెప్పింది నేనే... అందరికీ చూపించడానికి ఒక పేరు కావల్సొచ్చింది." బీడీల కట్ట ముందుకు జరిపాడు. "రాత్రిళ్ళు కనపడకుండా బండికి నలుపు పుయ్యమని డబ్బా ఇచ్చింది గూడా నేనే గదా. అది కొత్తదాని మాదిరి మెరిసింది. ఆ మెరుపు నాకు పనికొచ్చింది."

అంతే చెప్పాడు. ఒక సిద్ధాంతం లేదు, ఒక నినాదం లేదు. చరిత్ర అనే మాట లేదు. ప్రజలు అనే మాట లేదు. పదిహేడేళ్ళ పిల్లవాడి చేతికి తారు కుంచె ఇచ్చి పంపిన మనిషి, నాయన భూముల సంగతి చెబుతున్నాడు.

రాజమోహన్ ఈయన వెనక నడిచాడు. ఈయన మాటల్ని తన మాటలుగా పలికాడు.

మల్లికార్జునం కొవ్వొత్తి పట్టుకుని గట్టెక్కి వచ్చాడు. నాలుగడుగుల దూరంలో నిలబడి చెయ్యి పైకెత్తాడు. వెలుతురు రాజమోహన్ ముఖం మీద పడింది. ఇప్పుడు ఉలిక్కిపడతాడు, కాళ్ళ మీద పడతాడు, లేకపోతే అబద్ధమాడతాడు — ఆ మూడింటికీ సిద్ధంగా ఉన్నాడు రాజమోహన్.

ఆయన ఉలిక్కిపడలేదు. రాజమోహన్ వచ్చాడని మొదటినుంచీ తెలిసినట్టే ఉన్నాడు. ఆయన కళ్ళు రాజమోహన్ ముఖం మీద లేవు. భుజం పక్కనుంచి, వెనక క్యారియరు మీదికి చూస్తున్నాయి.

"రాజమోహనూ," అన్నాడు నెమ్మదిగా. "వాణ్ణెందుకురా ఎక్కించుకొచ్చినావు?"

కొవ్వొత్తి చేతిలోంచి జారింది. చేలో పడి పరిగెత్తుతున్న అడుగుల చప్పుడు... అది దూరమైంది. తరవాత ఏ చప్పుడూ లేదు.

రాజమోహన్ కదల్లేదు. అతనికి భయం కలగలేదట. ఆరేళ్ళు ఎవరికి భయపడాలో వాడి పక్కనే కూర్చుని పాఠాలు విన్నవాడికి, ఇక భయపడటానికి ఏం మిగిలింది అన్నాడు నాతో.

సీటెక్కి పెడలు మీద కాలు వేశాడు. చదునైన రోడ్డు. గాలి ఎదురు లేదు. బండి కదల్లేదు. ఇంకా బలంగా తొక్కాడు. మెల్లగా, కిర్రుమంటూ, నిండు మనిషి బరువుతో చక్రం తిరిగింది. లైటు ఎర్రగా రాజుకుని, తెల్లబడింది.

అతను వెనక్కి తిరిగి చూడలేదు. మల్లికార్జునానికి తప్ప ఇంకెవరికీ వాడని మాట అప్పుడు నోటికొచ్చింది.

"సర్దుకొని కూర్చో అన్నా," అన్నాడు. "అమ్మ దగ్గరికి పోతా ఉండాం."