తీగ లేని ఫ్యాను

ఆ కంపెనీ మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే పగలూ రాత్రీ ఒకటే. కిటికీ లేదు. మనిషెత్తు ఇనప బీరువాల నిండా సర్వర్లు, వాటి వెనక వేడిగాలి, ముందు ఏసీ చలి. వేడెక్కిన దుమ్ము వాసన ముక్కులో తిష్ఠ వేసుకుంటుంది. వందల కొద్దీ చిన్న ఫ్యాన్లు ఒక్క గొంతుతో హోరుమంటుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ హోరుకి తల దిమ్మెక్కుతుంది. అలవాటైనవాళ్ళకి అది ఆగితే భయం.

ఆ గది బాధ్యత ఒక ఇంజినీరుది. పనిలో గట్టివాడు, కానీ కోపం ముక్కు మీదే ఉండేది. అతని కింద పనిచేసేది సొంత బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఎప్పుడూ వెనకాలే తిరుగుతాడని ఇంజినీరు వాణ్ణి 'తోక' అనేవాడు. నలుగురి ముందూ అలాగే పిలిచేవాడు. వాడు నవ్వి ఊరుకునేవాడు. నవ్వి ఊరుకునేవాళ్ళకి నొప్పి ఉండదని కొందరు అనుకుంటారు. ఇంజినీరు ఆ కొందరిలో ఒకడు.

అన్నిటికన్నా పెద్ద సర్వర్ బోర్డు మీద ఒక చిన్న చిప్ ఉంది. బోర్డు ఎంత వేడెక్కింది, ఎన్ని వోల్టులు అందుతున్నాయి, ఏ ఫ్యాను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, అన్నీ దానికి తెలుసు. డ్రైవర్ అనే ప్రోగ్రాం ఆ అంకెల్ని తెచ్చి తెర మీద వరసగా పెడుతుంది. ఏ వరసకి ఏ పేరు ఉండాలో ఒక ఫైల్లో రాసుకోవచ్చు. తోక అక్కడ కూడా తన బుద్ధి చూపించాడు.

"ఇదేంట్రా? ప్రాసెసర్ వేడికి 'బావ కోపం' అని పెట్టావు?"

"యాభై దాటితే మనం దూరంగా ఉండాలి కదా బావా. గుర్తుంటుందని."

"మరి ఈ 'అత్తగారు'?"

"గోల చేసే ఫ్యాను బావా."

"ఆ బుర్ర పనిలో పెట్టు, బాగుపడతావు."

"పుట్టబోయేవాళ్ళకి కూడా నేనే పేరు పెడతా. మేనమామని. ముందే చెప్తున్నా."

ఇంజినీరు భార్యకి అప్పుడు ఏడో నెల.

బోర్డు మీద ఏ తీగా తగిలించని పిన్నులు కూడా కొన్ని ఉంటాయి. వాటి నుంచి చిప్ పిచ్చి అంకెలు చెబుతుంది. లేని ఫ్యాను ఆగిపోయిందని అలారం మోగుతుంది. అందుకే ఆ పని చేసేవాళ్ళకి ఒక అలవాటుంది. ఫైల్లో ఆ వరసని పట్టించుకోవద్దని ఒక్క మాట రాస్తారు. అంతే, వరస మాయం, అలారం మాయం. కళ్ళకి సుఖం. ఆ సుఖం ఇంజినీరుకి బాగా అలవాటైంది.

ఆ శనివారం మధ్యాహ్నం పైన ఆఫీసంతా ఖాళీ అయింది. అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, తొందరగా వదలమని తోక పొద్దుటి నుంచీ అడుగుతున్నాడు.

"ముందు బ్యాటరీ గది తుడిచిరా. తర్వాత చూద్దాం" అన్నాడు ఇంజినీరు. అని, టీ తాగడానికి పైకి వెళ్ళాడు.

బ్యాటరీ గది ఆ మూలనే ఉంది. ఇనప తలుపు, గాలి చొరబడని ఇరుకు గది. బయట గొళ్ళెం పడితే లోపలి దీపమూ, గాలిని బయటికి తోసే ఫ్యానూ రెండూ ఆగిపోయేలా కట్టారు. అందుకే లోపలికి వెళ్ళినవాడు తలుపు పిడికి ఎర్ర బిళ్ళ తగిలించి వెళ్ళాలి. బిళ్ళ ఉన్నంతసేపూ ఎవరూ గొళ్ళెం ముట్టకూడదు.

అతను తిరిగొచ్చేసరికి ఆ తలుపు ఓరగా తెరిచి ఉంది. పిడికి బిళ్ళ లేదు. లోపల దీపం వెలుగుతోంది.

"దీపం కూడా ఆర్పకుండా పారిపోయాడు, దొంగవెధవ!"

కాలితో తలుపు తోశాడు. గొళ్ళెం పెట్టాడు. లోపలికి ఒక్కసారి తొంగి చూసి ఉంటే ఈ కథ లేదు.

వచ్చి తెర ముందు కూర్చున్నాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. 'బావ కోపం' నలభై రెండు. కాసేపటికి అడుగున కొత్తగా రెండు వరసలు కనబడ్డాయి. పేరు లేని ఒక వేడి, పేరు లేని ఒక ఫ్యాను. వేడి ముప్పై ఏడు. ఫ్యాను తొంభై.

అతనికి నవ్వొచ్చింది. నిమిషానికి తొంభై చుట్లు తిరిగే ఫ్యాను లోకంలో ఉందా? తోక ఏదో కెలికి ఉంటాడు.

తొంభై... నూట అయిదు... నూట ఇరవై.

ఎక్కడో దబ్, దబ్ మని చప్పుడు. ఫ్యాన్ల హోరులో ఎటు నుంచో తెలియడం లేదు. అత్తగారి బేరింగు అరిగిపోయిందనుకున్నాడు. చప్పుడు వచ్చినప్పుడల్లా తెర మీద పన్నెండు వోల్టుల వరస ఒక్కసారి వణికి మళ్ళీ నిలబడుతోంది.

సర్వర్ మూత తీసి టార్చి వేసి చూశాడు. ఆ రెండు వరసల పిన్నులకి ఏమీ లేదు. ఒక్క తీగ కూడా లేదు. వాటి మీద పల్చగా దుమ్ము పేరుకుని ఉంది.

డ్రైవర్ తీసేశాడు. డ్రైవర్ లేకపోతే యంత్రం గుడ్డిది, ఒక్క అంకె కూడా రాకూడదు. తెర ఖాళీ అయింది. ఆ రెండు వరసలు మాత్రం అలాగే ఉన్నాయి. ముప్పై ఏడు. నూట నలభై.

ఇదేమిటని ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణమే పట్టుకుని ఇంకాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ అలారం మొదలైంది. చెవిలో మేకు దిగినట్టు కీచుమని మోత. అతనికి ఒళ్ళు మండింది. డ్రైవర్ మళ్ళీ ఎక్కించాడు. ఫైలు తెరిచి, ఆ రెండు వరసల్నీ పట్టించుకోవద్దని రాసి పారేశాడు.

మోత ఆగింది. తెరంతా పచ్చగా, ముచ్చటగా ఉంది.

దబ్... దబ్... తర్వాత చాలాసేపటికి ఇంకో దబ్. ఆ తర్వాత అది కూడా లేదు.

"వచ్చే వారం బేరింగు మార్చాలి" అనుకుంటూ లేచాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"తమ్ముడేడండీ? ఇంతసేపటి నుంచీ చూస్తున్నా, వాడి ఫోను కలవడం లేదు."

"నన్నడుగుతావేం? చెప్పకుండా చెక్కేశాడు నీ ముద్దుల తమ్ముడు."

"వాడు మాటిస్తే తప్పడండీ."

"నీ గారాబమే వాణ్ణి పాడుచేసింది."

ఆమె లోపలికి నడిచింది. పొద్దుటి నుంచీ నలతగా ఉందని థర్మామీటరు పెట్టుకుంది. తీసి, దీపం దగ్గర పెట్టి చూసి అంది: "జ్వరం లేదులెండి. ముప్పై ఏడే."

ఆ అంకె వినగానే అతను వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

ఎలా వెళ్ళాడో తెలియదు. మెట్లు దిగాడు. అదే వెలుగు, అదే హోరు, అదే దుమ్ము వాసన. బ్యాటరీ గది తలుపు ఎదురుగానే ఉంది. గొళ్ళెం పెట్టినట్టే ఉంది.

అతను తలుపు దగ్గరికి వెళ్ళలేదు.

తెర ముందు కూర్చున్నాడు! ఇన్నేళ్ళుగా ఏది నిజమో ఆ తెరని అడిగి తెలుసుకోవడమే అతని అలవాటు. ఫైలు తెరిచాడు. తను రాసిన మాటల్ని చెరిపాడు. రెండు వరసలూ తిరిగొచ్చాయి.

ముప్పై అయిదు. ఇరవై రెండు.

ఉంది. గుండె చప్పుడు ఇంకా ఉంది. నిజమేనా? ఇంకోసారి చూశాడు.

పద్నాలుగు.

మళ్ళీ చూశాడు.

ఆరు.

అప్పుడు లేచి పరుగెత్తాడు. గొళ్ళెం లాగాడు. ఆమ్లం వాసన ముఖాన కొట్టింది. తలుపుకి ఆనుకుని కూర్చున్న తోక, తలుపుతో పాటే బయటికి ఒరిగి అతని కాళ్ళ మీద పడ్డాడు. రెండు చేతుల కణుపులూ చితికిపోయి ఉన్నాయి. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

వెనక అలారం మోగింది. ఫ్యాను ఆగిపోయిందని.

తలుపు సందులో, నేల మీద, ఎర్ర బిళ్ళ పడి ఉంది. తోక తగిలించే వెళ్ళాడు. ఏసీ గాలికి ఊడి పడింది.

ఇంజినీరు కాసేపు దాన్ని చూశాడు. తీసి జేబులో వేసుకున్నాడు.

"ఒక్క పది నిమిషాలు ముందు తీయాల్సింది" అన్నాడు డాక్టరు. బిళ్ళ తగిలించలేదు, కుర్రాడి అజాగ్రత్త అని అందరితో చెప్పాడు ఇంజినీరు. భార్యతో కూడా అదే చెప్పాడు.

"వాడికి అంత మతిమరుపు లేదే" అంది ఆమె. ఏడవలేదు. పొట్ట మీద చెయ్యేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. చచ్చినవాడి ప్రాణమే కాదు, మంచిపేరు కూడా తీసి జేబులో వేసుకున్నాడు అతను. అలాంటివాడికి నిద్ర పట్టకూడదు. పట్టింది.

తర్వాత తోక లేకుండా మొదటిసారి పనిలోకి వెళ్ళాడు. ముందుగా పేర్ల ఫైలు మొత్తం చెరిపేశాడు. 'బావ కోపం' పోయింది. 'అత్తగారు' పోయింది. అన్నీ పొడి అంకెలైపోయాయి. తెర మీద ఒక్క పేరు కూడా మిగల్లేదు. హమ్మయ్య అనుకుని వెనక్కి వాలాడు.

అడుగున రెండు వరసలు వచ్చాయి.

వేడి ముప్పై ఏడు. ఫ్యాను నూట నలభై రెండు.

తన మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాడు. తనది కాదు. తనది ఎంత దడదడలాడుతున్నా అంత వేగం లేదు. ఆ వేగం ఎక్కడో విన్నాడు... డాక్టరు గదిలో. భార్య పొట్ట మీద పెట్టిన చిన్న యంత్రంలో నుంచి, గుర్రం పరిగెత్తినట్టు. పక్కన తోక నిలబడి నవ్వుతూ వింటున్నాడు.

ఈసారి వరసలకి పేరుంది. ఫైలు తెరిచి చూశాడు. ఫైలు ఖాళీ. తెర మీద మాత్రం పేరు అలాగే ఉంది.

'మేనకోడలు'.

పుట్టేది ఆడపిల్ల అని ఇంట్లో ఎవరికీ తెలియదు. డాక్టరు చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఫోను తీశాడు. నేలమాళిగలో సిగ్నల్ ఉండదు. పైకి పరుగెత్తాలి. తెలుసు. కానీ కళ్ళు తెర మీద నుంచి కదలడం లేదు.

నూట ముప్పై.

ఎక్కడో, ఫ్యాన్ల హోరు వెనక, చాలా చిన్న చేత్తో తట్టినట్టు... దబ్.

నూట పది.