మూడు తప్పులకు మూగబోయే కార్డు

టాటానగర్ స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద ఏజెంట్ బలరామ్‌ని కాల్చేసినప్పుడు ఉదయం ఏడున్నర. తుపాకీకి సైలెన్సర్ ఉంది. బెంచీ మీద పక్కనున్నవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారు. జేబులో పర్సుంది, చేతికి వాచీ ఉంది. కార్డు లేదు.

ఎనిమిదింటికి రత్నకుమార్ ఫోన్ మోగింది.

"ఆ కార్డు తయారుచేసింది నువ్వు," అన్నాడు చీఫ్. "పరాయి ముఠా చేతిలో పడితే?"

"నంబరు తెలియకపోతే ఉత్త ప్లాస్టిక్ ముక్క సార్. నంబరు నా బుర్రలోనే ఉంది."

"పద్మకుమారి అని మన డబుల్ ఏజెంట్. కార్డు ముఠా దగ్గర్నుంచి కొట్టేసిందట. మన తెలుగువాళ్ల బస్తీ బర్మామైన్స్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. పన్నెండింటికి రహస్య లైన్ మీద ఢిల్లీ మాట్లాడుతుంది. ఈలోగా ఆమెని మీ పిన్ని ఇంట్లో కలిసి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ మెషీన్‌లో కార్డు పెట్టి నంబరు మార్చెయ్. పాత నంబరు వాళ్లకి చిక్కిందా, ఢిల్లీ మాట ప్రతిదీ వాళ్ల చెవిన పడుతుంది."

1986లో రహస్య లైను తెరిచే చిప్ కార్డు దేశంలో అదొక్కటే. దానికోసం టెలికం ఇంజనీర్ రత్నకుమార్ నాలుగేళ్లు రాత్రింబవళ్లు పనిచేశాడు. వరసగా మూడుసార్లు తప్పు నంబరు నొక్కితే అది శాశ్వతంగా మూగబోతుంది. ఆ సంగతీ అతనొక్కడికే తెలుసు.

ఖాకీ బట్టలు, భుజాన టెస్ట్ ఫోన్ సంచీ. లైన్‌మన్ వేషంలో, తను పెరిగిన బర్మామైన్స్‌లోని త్రేసమ్మ పిన్ని ఇంటికి వెళ్లాడు. పద్మకుమారి అప్పటికే వచ్చి కూర్చుంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, గదంతా సెంటు. రెండువైపులా నవ్వే మనుషులంటే అతనికి మొదటినుంచీ ఒళ్లు మంట.

"సైరన్ వినబడిందా?" అన్నాడు.

"మా వీధికి చెవుడు." కోడ్ సరిపోయింది.

"ఏటమ్మా, టీ తాగుతావేటి?" అంది పిన్ని.

"తాగుతాను పిన్నీ. అమ్మ కూడా రేపొత్తాది, మిమ్మల్ని సూడ్డానికి."

పిన్ని మురిసిపోయింది. "ఎంత సక్కగా మాటాడతన్నావే తల్లీ! మా రత్నం తెలుగులో అడిగితే హిందీలో సెప్తాడు. ఈ ఈదిలో కుర్రాళ్లందరూ అంతే!"

రత్నకుమార్ గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. నిజమే. బర్మామైన్స్‌లో తన ఈడువాళ్లెవరూ పెద్దవాళ్లకి తెలుగులో జవాబివ్వరు. ఈమెకి యాస నేర్పినవాడెవడో బాగానే నేర్పాడు, ఆ యాస ఎక్కడ వాడకూడదో చెప్పడం మరిచిపోయాడు.

కానీ అనుమానం రుజువు కాదు. పెరట్లోకి వెళ్లి, టెస్ట్ ఫోన్ స్తంభం తీగలకి తగిలించాడు. "సార్, ఎక్స్‌ఛేంజ్‌కి ఇద్దర్ని పంపండి. ఆవిడ మనమనిషి కాదేమో."

పదకొండూ యాభై ఐదు. ఎక్స్‌ఛేంజ్ గది.

"నంబరు చెప్పండి, నేను నొక్కుతాను," అంది పద్మకుమారి, కార్డు మెషీన్‌లో పెట్టి.

"నాలుగు ఏడు ఒకటి తొమ్మిది." ఎర్రలైటు.

"తొమ్మిది ఒకటి ఏడు నాలుగు." మళ్లీ ఎర్రలైటు.

ఇంకొక్కసారి మిగిలింది. ఆమె మనమనిషేనని తేలితే అసలు నంబరు చెప్పేస్తాడు, కార్డు బతుకుతుంది. ఆమె చేతిసంచీ తెరిచింది. చల్లని ఇనుము అతని డొక్కకి ఆనింది.

"బలరామ్ కూడా ఇలాగే ఆలస్యం చేశాడు."

రత్నకుమార్ మెషీన్‌లోని కార్డు వైపు ఒకసారి చూశాడు. నాలుగేళ్లు!

"రెండు రెండు సున్నా ఆరు," అన్నాడు.

ఆమె నొక్కింది. మెషీన్ లైట్లన్నీ ఆరిపోయాయి, కార్డు మూగబోయింది. సరిగ్గా అప్పుడే ఉక్కు కంపెనీ పన్నెండు గంటల సైరన్ మోగింది. రోజూ వినే బర్మామైన్స్ మనిషి ఆ సైరన్‌కి ఉలిక్కిపడదు. ఆమె ఉలిక్కిపడింది. రత్నకుమార్ విసిరిన టెస్ట్ ఫోన్ సంచీ ఆమె మణికట్టు మీద పడి పిస్తోలు ఎగిరిపోయింది. తలుపు అవతలున్న ఇద్దరూ లోపలికి వచ్చి ఆమెను పట్టుకున్నారు.

"ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాడు చీఫ్ ఫోన్లో.

"తెలుగు బాగా మాట్లాడింది సార్."

సాయంత్రం పిన్ని గుమ్మంలోనే అడిగింది. "ఆ బంగారు తల్లి ఏదిరా? ఎక్కడుందేటి?"

"జేల్ మే హై, మౌసీ."

"సచ్చినోడా! ఆ ముక్కయినా తెలుగులో ఏడవొచ్చు కదరా!"