ట్యూసాన్‌లో శనివారం క్లాసు

"శనివారం క్లాసులో ముసలాయన్ని చంపేస్తారు. చంపేది తుపాకీ నేర్పే టీచర్."

అంతే చెప్పి పర్సెల్ ఐస్ టీ గ్లాసు పక్కకు జరిపాడు. అతను ట్యూసాన్‌లో విదేశీ గూఢచారుల్ని పట్టే కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్. ఎదురుగా కూర్చున్న లోర్నా టీగ్ అతని ఏజెంట్లలో అందరికన్నా సీనియర్. నలభై ఆరేళ్లు. కుదురుగా కూర్చోవడం ఆమెకు చేతకాదు. అప్పటికే పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టింది.

"ఎవరు చెప్పారు సార్?"

"ముసలాయన పాత దేశపు గూఢచారుల రేడియో లైన్ మీద నిన్న దొరికిన మెసేజ్. డీకోడ్ చేస్తే ఇంతే. 'విద్యార్థి హలాస్. శనివారం. టీచర్ సిద్ధం.'"

ఎమెరిక్ హలాస్ లెక్కల ప్రొఫెసర్. డెబ్బై ఒక్క ఏళ్లు. తన దేశపు కోడ్‌ల గుట్టంతా బుర్రలో పెట్టుకుని పదేళ్ల క్రితం అమెరికా పారిపోయి వచ్చాడు. పోయిన నెల ఒక కారు తన వెంట పడిందని, ఆత్మరక్షణకు తుపాకీ నేర్చుకుని తీరాలని పట్టుపట్టాడు. రెండు స్కూళ్లలో శనివారం క్లాసుకు పేరిచ్చాడు. ఏది మంచిదో ఇంకా తేల్చుకోలేదు.

"వెళ్లొద్దని చెప్పొచ్చుగా?"

"చెప్పాను. బతుకంతా దాక్కున్నాను, ఇక చాలన్నాడు. పైగా ఇప్పుడు ఆపితే ఆ టీచర్ మాయమై ఇంకో దారిన వస్తాడు. నాకు మనిషి కావాలి. ఇవాళ్టి నుంచి నువ్వు ఆయన పక్కింట్లో దిగిన వితంతువువి. నాలుగు రోజులే ఉన్నాయి. కదులు."

మంగళవారం లోర్నా ఆ రెండిట్లో మొదటిదైన డ్యూక్ రెయినీ స్కూలుకు వెళ్లింది. గోడ నిండా అతని ఫొటోలే. నడుముకు రెండు పిస్టళ్లు.

"మగదిక్కు లేనివాళ్ల కోసం స్పెషల్ కోర్సు ఉందమ్మా నా దగ్గర! నాలుగే నాలుగు గంటలు. ఆ తర్వాత నిన్ను చూస్తే దొంగలు గోడ దూకి పారిపోవాల్సిందే!"

"పొరపాటున ఎవరికైనా తగిలితే? ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడండీ?"

"నా క్లాసులో ఎవరికీ తగల్దు," అంటూ రెయినీ చేతిలోని పిస్టల్ గాల్లో ఊపాడు. దాని గొట్టం వరుసగా ముగ్గురు విద్యార్థుల మోకాళ్ల మీదుగా తిరిగొచ్చింది. ఒకడు ఏదో అడగబోతే, "ప్రశ్నలు తర్వాత, ముందు కాల్చు!" అని కసిరాడు.

లోర్నా కళ్లజోడులోని కెమెరా అతని ముఖాన్ని ఆఫీసుకు పంపింది.

బుధవారం కోరిన్ లాస్కో స్కూలు. నలభై దాటినా నడిచి వస్తుంటే నలుగురూ తలతిప్పి చూసే మనిషి. మెడలో పట్టు స్కార్ఫు, నవ్వితే బుగ్గ మీద సొట్ట. లోర్నా కుర్చీలో కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న:

"ఎవరికి భయపడి వచ్చారు?"

రెండోది కళ్ల గురించి, మూడోది మణికట్టు నొప్పి గురించి. రెండు గంటలపాటు ఒక్క తూటా కాల్చనివ్వలేదు. కాల్చాక పోలీసులకు ఏం చెప్పాలో, కోర్టు ఏమంటుందో, రక్తం కారుతుంటే కట్టు ఎలా కట్టాలో చెప్పింది.

"పారిపోయే దారి ఉంటే పారిపోండి. సిగ్గేం లేదు," అంది. "ఇంకో మాట. ప్రశ్న అడిగితే మండిపడే టీచర్ దగ్గర మాత్రం తుపాకీ ముట్టుకోకండి. అది నేనైనా సరే."

పాతికేళ్లలో లోర్నాకు శిక్షణ ఇచ్చినవాళ్లు డజను మంది. ఇంత బాగా చెప్పినవాళ్లు లేరు. ఆ సాయంత్రమే హలాస్ తలుపు తట్టింది.

"రెయినీ వద్దు ప్రొఫెసర్ గారూ. ఆ లాస్కో దగ్గరే చేరండి. నేనూ వస్తాను."

"నువ్వు చెప్పావంటే సరేనమ్మా," అన్నాడాయన సంతోషంగా.

శుక్రవారం మధ్యాహ్నం పర్సెల్ ఫోన్ చేశాడు.

"రెయినీ వట్టి గొప్పల డబ్బా. సైన్యంలో వాడు తిప్పింది గరిటె. ఆ లాస్కో ఉంది చూశావూ, ఎనిమిదేళ్ల క్రితం ఈ ఊళ్లో అడుగుపెట్టింది. అంతకుముందు ఆ పేరుతో మనిషే లేదు."

లోర్నాకు గొర్రెను చేత్తో పట్టుకెళ్లి కసాయికి అప్పగించినట్టయింది.

"ఇప్పుడే అరెస్ట్ చేద్దాం సార్."

"దేనికి? దొంగ పేరు పెట్టుకున్నందుకా? వారంలో బెయిల్ తెచ్చుకుంటుంది. రేపు అక్కడ ఉండు. చెయ్యి లేస్తే పట్టుకో."

ఆ రాత్రి లోర్నా వంటింట్లోంచి వరండాకు, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంది.

శనివారం పొద్దున ఏడింటికే ఎడారి సెగలు కక్కుతోంది. షూటింగ్ గీత దగ్గర నలుగురు విద్యార్థులు. ఎడమ చివర హలాస్, ఆయన పక్కన లోర్నా. ఆమెకు కుడివైపు ఒక నర్సు, కుడి చివర నిన్ననే చేరిన ప్రూయిట్ అనే సన్నటి మనిషి. తూటా మోత వినబడకుండా అందరి చెవులకూ ఇయర్‌మఫ్‌లు. లోర్నా దాంట్లో మాత్రం ఆఫీసు గొంతు వినబడుతుంది; ఆమె కళ్లజోడు కెమెరా చూసేదంతా ఆఫీసుకు పోతోంది.

కోరిన్ వాళ్ల వెనక అటూ ఇటూ నడుస్తోంది. ముఖం పాలిపోయింది. లోర్నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. కోరిన్ హలాస్ వెనక ఆగింది. లోర్నా చెయ్యి నడుము దగ్గరి సొంత పిస్టల్ మీదకు వెళ్లింది.

అప్పుడు చెవిలో పర్సెల్ కేక వేశాడు. "లోర్నా! కుడి చివరివాడు! ఆ ముఖం మన ఫైల్లో ఉంది! వాడి పేరు ప్రూయిట్ కాదు!"

తుపాకీ ఇరుక్కుపోయిన కొత్తవాడిలా ప్రూయిట్ గీత మీంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. పిస్టల్ హలాస్ వీపు వైపు తిరుగుతోంది. లోర్నా గిర్రున తిరిగింది. కానీ మధ్యలో నర్సు ఉంది. కాల్చలేదు.

కోరిన్ కాల్చలేదు. దూకింది. రెండు చేతులతో వాడి మణికట్టు పట్టి నేలకు వంచింది. తూటా కంకరలో పేలి దుమ్ము లేచింది. మరుక్షణం లోర్నా మోకాలు వాడి వీపు మీద ఉంది.

సంకెళ్ల చప్పుడయ్యాక కోరిన్ తన రెండు చేతులూ ముందుకు చాచింది.

"నాకూ వెయ్యండి. ఆయన్ని చంపమన్న ఆర్డర్ నాకే వచ్చింది."

"మరి ఆ మెసేజ్?"

"పంపింది నేనే. మీరు వింటారని తెలిసిన లైన్ మీద. నేను చెయ్యకపోతే చెయ్యడానికి ఇంకొకణ్ని పంపుతారని తెలుసు. ఎవరో తెలీదు. తుపాకీ తిరిగాకే తెలిసింది."

"ఎందుకు చేశావు?"

లోర్నా సంకెళ్లు వేస్తుంటే కోరిన్ చెప్పింది. "టీచర్ వేషం వెయ్యమని పంపారు. వేషం కోసమే నేర్పడం మొదలెట్టాను. మూడేళ్ల క్రితం ఒకమ్మాయి వచ్చి, 'మీరు చెప్పినట్టే పారిపోయాను మేడమ్, బతికాను' అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత చంపడానికి నా చెయ్యి లేవదని తెలిసింది."

గంతులేస్తూ వచ్చిన హలాస్ ఇయర్‌మఫ్‌లు తీశాడు. వెనక జరిగిందేదీ ఆయనకు తెలియదు.

"చూశారా! ఐదుకి నాలుగు మధ్యలో కొట్టాను!"

"చాలా బాగుంది సార్," అంది కోరిన్ సంకెళ్ల చేతులతో. "మోచెయ్యి కొంచెం దించండి."

వారం తర్వాత ఆయన లోర్నా తలుపు తట్టాడు.

"మిగతా క్లాసులు ఎలాగమ్మా? ఇంకో మంచి టీచర్ని చూసి పెట్టవూ?"

"ఊళ్లో మంచి టీచర్ ఒక్కతే ఉంది ప్రొఫెసర్ గారూ," అంది లోర్నా. "కాకపోతే ఆవిడ క్లాసులో చేరాలంటే ముందు మీరేదైనా నేరం చెయ్యాలి."