ఎర్ర తోక పట్టీ

తెల్లవారగానే వీధి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మకు గుండె జారిపోయేది. కూతురి సర్ఫింగ్ బోర్డు ఉండేది ఆ తలుపు వెనకే. వీధి చివర సముద్రం. అటువైపు కిటికీని ఎండాకాలంలో కూడా ఆవిడ తెరవనిచ్చేది కాదు. కళ్లు మూసుకుంటే సరిపోతుందనుకుంది గానీ, అలల హోరుకి తలుపులేం అడ్డం? కూతురు తడికాళ్లతో మళ్లీ గడప తొక్కేదాకా ఆవిడ కుట్టిన కుట్టు ఒక్కటీ తిన్నగా వచ్చేది కాదు.

నాన్న ఫైబరు పడవలు బాగుచేస్తాడు. మిగిలిన ఫైబరుతో సరదాకి కూతురికో బోర్డు చేసిచ్చాడు. ఆ సరదా కాస్తా కొంపమీదికొచ్చింది. ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ ఇరవయ్యేళ్ల పిల్ల ఇప్పుడు అల మీద నిలబడి ఒడ్డుదాకా వచ్చేస్తుంది. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. చూడనిది అమ్మ ఒక్కతే.

ఆ రోజు టీ తాగుతూ పిట్ట అసలు విషయం బయటపెట్టింది. వీధిలో పిల్లలంతా నేర్పమని వెంటపడుతున్నారట. నాన్న బోర్డులు చేస్తే, అమ్మ వాటి సంచులూ పట్టీలూ కుడితే, తను నేర్పుతుందట. బడి పెడదామంది.

అమ్మ గ్లాసు కింద పెట్టింది. "నీ ఒక్కదాని భయమే మొయ్యలేక చస్తున్నాను. ఊళ్లో పిల్లలందరి భయమూ తెచ్చి నా నెత్తిన పెడతావా?"

నాన్న ఖాళీ గ్లాసులోంచే ఇంకో గుక్క తాగాడు. పెళ్లాం గొంతు ఆ తీరున మోగినప్పుడు ఆయన చేసే పని అదే. మంచం మీదున్న నానమ్మ మాత్రం కోడలి వంక అదోలా చూసింది.

ఆ సాయంత్రం పిట్ట తన కాలిపట్టీ తెచ్చి మిషను మీద పెట్టింది. బోర్డుకి కట్టిన తాడు చివర ఉండే పట్టీ అది. చీలమండకి చుట్టి వెల్క్రోతో అంటిస్తే, నీళ్లలో పడ్డా బోర్డు దూరంగా పోదు. అంచులు వదులయ్యాయి, కాస్త కుట్టిపెట్టమని చెప్పి వెళ్లిపోయింది.

అమ్మ ఆ పట్టీని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. బోర్డు తేలుతుంది. పిల్ల బోర్డుకి అంటిపెట్టుకుని ఉంటే పిల్లా తేలుతుంది. ఈ పట్టీ ఊడకుండా ఉంటే చాలు. అంతే ఆలోచించింది. పడవల మీద కప్పే మందపాటి గుడ్డ ముక్క తీసి పట్టీ చుట్టూ వేసి, పాదం దూరేంత సందు మాత్రం వదిలి, అంటించే చోటంతా గట్టి దారంతో కుట్టేసింది. ఆ గుడ్డ తడిస్తే బిగుసుకుంటుంది. ఆ సంగతి తెలిసే వేసింది. ఎన్నాళ్లకో ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

పొద్దున్నే పట్టీలో కాలు దూర్చి, అమ్మ పనితనమే అంత అని నవ్వుకుంటూ పిట్ట పరిగెత్తింది.

ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి వీధిలో కేకలు. అమ్మ మిషను ముందు నుంచి కదల్లేదు. లేచి తలుపు తియ్యాలని ఉంది, తీస్తే ఏం కనిపిస్తుందోనన్న భయం లేవనివ్వడం లేదు. తలుపు కాలితో తన్ని నాన్నే లోపలికొచ్చాడు. భుజం మీద పిట్ట. పెదాలు నీలంగా ఉన్నాయి, మోకాలు చీరుకుపోయి ఉంది. చీలమండకి పట్టీ అలాగే ఉంది, దాన్నుంచి తెగిన తాడు వేలాడుతోంది.

బోర్డు బండరాళ్ల మధ్య ఇరుక్కుందట. తాడు పిల్లని కిందికి లాగేసిందట. ఒడ్డున పడవకి పూత వేస్తున్న నాన్న, ఫైబరు కోసే కత్తితోనే ఈదుకుంటూ వెళ్లి తాడు కోశాడు. పిల్లని నేలమీద దింపుతూ ఆయనే ఇదంతా చెప్పాడు.

"పట్టీ విప్పుకోలేదేం తల్లీ?" అన్నాడు.

"రాలేదు నాన్నా. ఎంత లాగినా రాలేదు."

అమ్మ మిషను ముందు నుంచి లేచింది. "ఊడకుండా నేనే కుట్టాను," అంది.

పిట్ట అమ్మ వైపు చూసింది. కోప్పడినా బాగుండేది. "అది ఊడాలమ్మా. అవసరమైతే ఒక్క లాగుకి ఊడిరావాలి. అందుకే దానికి కుట్టు వెయ్యరు."

అమ్మ నేలమీద కూలబడింది. కూతురి పాదం ఒళ్లోకి తీసుకుని, కుట్లు విప్పే కత్తెరతో ఒక్కొక్క దారం తెంపసాగింది. తొందరలో తన వేలే కోసుకుంది. బోర్డు తగలబెట్టేయండి, ఆ మాటే నా ఇంట్లో వినపడకూడదు అని ఏడ్చింది.

అప్పుడు నానమ్మ నోరు విప్పింది. "భయపడేదేదో అక్కడికెళ్లి భయపడు, అమ్మాయ్. ఇంట్లో కూర్చుని భయపడితే ఇదిగో, ఇలాంటివే కుడతావు."

మోకాలు మానాక పిట్ట మళ్లీ బయల్దేరింది. ఈసారి వెనకాలే అమ్మ. నడుంలోతు నీళ్లలో నాన్న చెయ్యి పట్టుకుని, పట్టీ తన కాలికే కట్టమంది. అల వచ్చి ముంచేసింది. నీటి కింద కళ్లు మండిపోతుంటే పట్టీ అంచు కోసం తడుముకుంది. దొరకలేదు. పైప్రాణాలు పైనే పోయాయి. నాన్న పైకి లాగాడు. ఉప్పునీళ్లు కక్కుతూ ఆవిడ అన్న మొదటి మాట, "దీనికి తోక ఉండాలి."

ఇంటికొచ్చి పట్టీ అంచుకి ఎర్రగుడ్డతో జానెడు తోక కుట్టి, కళ్లు మూసుకున్నా చేతికి తగిలేలా చివర ముడి వేసింది.

ఆ తర్వాత రోజూ ఒడ్డున నిలబడి భయపడేది. ఒడ్డునున్న పిట్టగోడ మీద వీధిలోని ఆడవాళ్లు కూర్చునేవాళ్లు, నేర్పమని వెంటపడ్డ పిల్లల తల్లులు. ఒకరోజు గాలి ఎక్కువగా ఉంది. పెద్ద అల ఒకటి విరిగి, నురగలోంచి బోర్డు ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పిట్ట లేదు. ఇన్నేళ్లుగా మూసిన కిటికీ వెనక ఆవిడ చూస్తూ వచ్చింది సరిగ్గా ఇదే. బోర్డు మీద పడి తాడు లాగింది. చివర పట్టీ ఊడి ఉంది, ఎర్ర తోక తడిసి వేలాడుతోంది.

అది చూశాకే నీళ్ల వైపు తలెత్తగలిగింది. దూరంగా ఒక తల, ఈదుకుంటూ వస్తోంది.

"బోర్డు తాడు వలతాడుకి చిక్కుకుందమ్మా," అంది పిట్ట ఒడ్డున కూలబడి రొప్పుతూ. "ఒక్క లాగుకి పట్టీ వచ్చేసింది."

అమ్మ కూతురి వీపు మీద ఒక్కటి చరిచి, ఆ వీపునే కావలించుకుని భోరుమంది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పిట్టగోడ మీది ఆడవాళ్ల వైపు తిరిగింది.

"రేపట్నుంచి మీ పిల్లల్ని పంపండి. ముందు ఇసకలో నా దగ్గర కూర్చుంటారు. కళ్లు మూసుకుని పట్టీ తియ్యడం వచ్చాకే నీళ్లు."