ఒంటి భుజం దొర

డెబ్బై తొమ్మిదిలో, అరబ్బు దేశంలో మదీనత్ అల్ షమాల్ దగ్గర ఓడలాగే జెట్టీ కడుతున్నారు. దేశమంతా ఆయిలు డబ్బు పొంగుతోంది గానీ, ఒక్క ప్రమోషన్ ఇవ్వాలంటే మాత్రం కంపెనీకి ప్రాణం మీదికొచ్చేది. బుచ్చన్న ఐదేళ్లుగా ఫోర్‌మన్ మల్లన్న కిందే పనిచేస్తున్నాడు. బుచ్చన్న కింద జలంధర్. వరస కదిలితే ఒట్టు.

ఆ వారం పునాది తవ్వుతుంటే పాత ఓడ చెక్కలు బయటపడ్డాయి. తెరచాపల కాలం నాటి యుద్ధనౌక అన్నాడు ఇంజనీరు రామకృష్ణారావు. అందులో పై ఆఫీసరు పోతేనే కిందివాడికి ఆ హోదా దక్కేదట. కిందివాడికి ఒక భుజానికే బంగారు కుచ్చు, హోదా పెరిగితేనే రెండోదానికీనట. అందుకని గురువారం గురువారం కప్పులెత్తి, యుద్ధమో రోగమో రావాలని కోరుకుని తాగేవారట. అచ్చం మన కంపెనీయే సారూ అని బుచ్చన్న పగలబడి నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం ఇసుక తుఫాను లేచింది. అందరూ బస్సెక్కేశారు. బుచ్చన్న ఒక్కడే సామాన్ల షెడ్డులో చిక్కుకుపోయాడు. మల్లన్న రెండ్రోజులుగా క్యాంపులో జ్వరంతో పడున్నాడు.

పట్టపగలే చీకటి కమ్మింది. తారు వాసన... కుళ్లిన చెక్క వాసన. ఎక్కడో మోకులు కిర్రుమన్నాయి. షెడ్డులో మోకులే లేవు.

ఎదురుగా ఒక దొర. నీలం కోటు నీళ్లోడుతోంది. ఒక భుజం మీద బంగారు కుచ్చు. రెండోది బోసిగా ఉంది. కప్పు చాచాడు. ఏ భాషో తెలీదు గానీ, మాట మాత్రం అర్థమైంది.

"నీ పైన ఒక్కడే... తాగు."

బుచ్చన్నకు ఒళ్లు మండింది. చేయి పట్టుకుని పని నేర్పినవాడు మల్లన్న.

"మల్లన్న పానం తీసి ఇచ్చే కొలువు నాకద్దు," అంటూ కప్పును ఒక్క తోపు తోశాడు.

దొర కోపగించుకోలేదు. వంగి కప్పు తీసుకున్నాడు. బుచ్చన్నను దాటుకుని బయటికి నడిచాడు.

గాలి తగ్గగానే బుచ్చన్న క్యాంపుకు పరిగెత్తాడు. మల్లన్న లేచి కూర్చుని గంజి తాగుతున్నాడు. బుచ్చన్నకు ఏడుపొచ్చినంత పనైంది. పొద్దుటి నుంచి జలంధరే కనిపెట్టుకుని ఉన్నాడని, గడప కూడా దాటలేదని మల్లన్న మెచ్చుకున్నాడు.

జలంధర్ ఏదో తాగినట్టు మూతి తుడుచుకుంటున్నాడు. దగ్గరికి వెళ్తే షెడ్డులోని అదే తారు వాసన.

"అన్నా... నీ తర్వాత నేనే గదా?" మెల్లగా అడిగాడు.

బుచ్చన్న వాడి కళ్లలోకి సూటిగా చూశాడు.

"నేనింక సావలే. పొద్దుగాల ఆరింటికి డ్యూటీకస్త. చూస్కో."

అంటుండగానే చలిజ్వరం ముంచుకొచ్చి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అయినా బుచ్చన్న మంచమెక్కలేదు. బూట్ల తాళ్లు బిగించి కట్టుకుని, తలుపుకెదురుగా నిలబడ్డాడు.